రాజ్యలక్ష్మికి ఇచ్చిన మాట

తెలివి తప్పి ఉన్నప్పుడు మనిషి నోటి నుంచి వచ్చిన మాట దేవుడి దగ్గర చెల్లుతుందా? ఆరేళ్ళపాటు నేను మోసిన సందేహం ఇది. మా మంగళగిరి కొండ కింది గుళ్ళో పురాణం చెప్పే పెద్దాయనని ఒకసారి అడిగాను కూడా.

"దేవుడు మాట చూడడమ్మా, మనసు చూస్తాడు" అన్నాడాయన.

"ఆ వేళకి మనసే లేకపోతేనండీ?" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "అంత పెద్ద ప్రశ్నలు నీకెందుకమ్మా? రోజూ దీపం పెట్టుకో, చాలు" అని పుస్తకం మూసేశాడు. దీపం నేనెప్పుడూ మానలేదు. ఆ దీపం ముందు కూర్చుని నేనేం కోరుకుంటున్నానో తెలిస్తే మాత్రం ఆయన ఆ మాట అనేవాడు కాదు.

నా పేరు శివపార్వతి. మాది మగ్గం మీద బతికే ఇల్లు. నేను, నా భర్త రామలింగం, మా అత్తగారు చౌడేశ్వరమ్మ. ఒక్కతే ఆడపడుచు, రాజ్యలక్ష్మి. కొండ మీద పానకాల నరసింహస్వామి దేవేరి పేరు పెట్టారు. మా ఊళ్ళో ఆ పేరుకి కరువు లేదు, వీధిలో నిలబడి పిలిస్తే ఇద్దరు ముగ్గురు పలుకుతారు. మా రాజ్యాన్ని బెజవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్టున్న సాంబమూర్తిగారికి ఇచ్చారు. పెళ్ళై చాలా ఏళ్ళయినా పిల్లలు లేరు. పేరంటాల్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి అనడం, ఆమె ఏడుస్తూ తల్లి దగ్గరికి రావడం మామూలైపోయింది.

జపాన్‌వాళ్ళు బాంబులు వేస్తారని బెజవాడ జనం పల్లెలకు పారిపోయి, మళ్ళీ ఒక్కొక్క కుటుంబమే తిరిగి వస్తున్న రోజుల్లో నాకు తొలి కాన్పు వచ్చింది. మా అమ్మ అప్పటికే లేదు. అందుకని పుట్టింటి మాట తలపెట్టకుండా అత్తగారింట్లోనే ఉండిపోయాను. నొప్పులు మొదలైన మర్నాటికి మంత్రసాని చేతులెత్తేసింది. నన్ను రైలెక్కించి, కృష్ణ దాటించి, బెజవాడలో ఒక ఆడ డాక్టరుగారి ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

అప్పుడు నేను నేస్తున్న చీర మగ్గం మీద సగంలో ఉంది. పసుపురంగు చీరకి ఎర్రని జరీ అంచు. రైల్లో నొప్పి వచ్చినప్పుడల్లా కళ్ళముందు ఆ చీరే కదిలింది. దాన్ని పూర్తి చేసే యోగం నాకుందో లేదో అనుకున్నాను.

డాక్టరుగారు నన్ను పరీక్ష చేసి, "సూది వేస్తే నొప్పి తెలియకుండా ఉంటుంది. మత్తుగా ఉంటుంది. పెద్దవాళ్ళు ఒప్పుకోవాలి" అంది.

"వేయండమ్మా, వేయండి! పిల్ల ప్రాణం పోయేట్టుంది" అన్నది మా అత్తగారే. ఆ ఒక్క మాటకి ఆవిణ్ణి నేను ఏనాడూ తప్పుపట్టలేదు.

సూది గుచ్చాక నాలుక పిడచ కట్టుకుపోయింది. దీపం వెలుగు దూదిలా ఉబ్బి గదంతా నిండిపోయింది. నొప్పి ఉంది, కానీ అది పక్కింట్లో ఇంకెవరికో వస్తున్నట్టుంది. ఆ తర్వాతిది నాకు లేదు. పడుగులో కొన్ని పోగులు తెగిపోతే బట్టలో సందు పడుతుందే, నా బతుకులో ఆ రాత్రి అలాంటి సందు.

కళ్ళు తెరిచేసరికి కిటికీలోంచి ఎండ పడుతోంది. బిడ్డ రాజ్యం ఒళ్ళో ఉన్నాడు.

"మగపిల్లాడు వదినా" అంది.

చేతులు చాచాను. ఆమె బిడ్డని నాకివ్వలేదు, వాళ్ళమ్మ ముఖంలోకి చూసింది.

"నీకేం గుర్తులేదటే?" అంది అత్తగారు. "రాత్రి నువ్వే ఇచ్చేశావు కదే. 'రాజ్యలక్ష్మీ, నీకే తల్లీ, తీసుకో' అన్నావు. రెండు చేతులెత్తి దండం పెట్టి మరీ అన్నావు. దైవసాక్షిగా ఇచ్చిన బిడ్డని మళ్ళీ అడక్కూడదు పార్వతీ. వాడికే అరిష్టం."

"నేననలేదు" అన్నాను.

"గుర్తులేదంటున్నావు, అనలేదంటున్నావు. రెండూ ఎట్లా కుదురుతాయే?"

ఇంటికి వచ్చాక ఏడ్చాను, అరిచాను, అన్నం మానేశాను. ఆఖరికి ఒక శుక్రవారం అత్తగారు అరచేతిలో కర్పూరం వెలిగించుకుని దేవుడి పటం ముందు నిలబడింది. "రాజ్యలక్ష్మీ, నీకే తల్లీ, తీసుకో అని ఇది అన్నది. ఇందులో ఒక్క మాటైనా నేను కల్పించి ఉంటే నా చెయ్యి కాలిపోవాలి!" కర్పూరం వెలిగి ఆరిపోయింది. చెయ్యి కాలలేదు.

మా ఆయన తలవంచుకున్నాడు. "అమ్మ దొంగ ప్రమాణం చెయ్యదు పార్వతీ."

నన్ను విరిచేసింది కూడా అదే. ఆవిడ గయ్యాళే గాని దైవభయం ఉన్న మనిషి. కర్పూరం చేతపట్టి అబద్ధం ఆడదు. అంటే నేనన్నాననే కదా? ఎందుకన్నాను? ఏ తల్లి అంటుంది?

పాలు మరిచేదాకా పిల్లవాణ్ణి నా దగ్గరే ఉంచి, మరిచిన వారంలోనే తీసుకెళ్ళారు. ఆ రోజు రాజ్యం పసుపు చీర కట్టుకొచ్చింది. ఎర్ర జరీ అంచు. నేను సగంలో వదిలిన దాన్ని మా ఆయన పూర్తి చేస్తే, అత్తగారు కూతురికి పెట్టిందట. నా చీర కట్టుకుని, నా బిడ్డని ఎత్తుకుని, మా వీధి మొగ దాటి వెళ్ళిపోయింది. దత్తహోమం యుద్ధం అయ్యాక తీరిగ్గా చేసుకుందామన్నారు సాంబమూర్తిగారు; యుద్ధం అయ్యాక కూడా అది వాయిదా పడుతూనే వచ్చింది. పిల్లవాడికి మల్లేశ్వరరావు అని పేరు పెట్టారు. నాకు మళ్ళీ కడుపు పండలేదు.

ఆనాటి నుంచి నేను మొక్కింది నరసింహస్వామికి. అమ్మవారి వైపు తలెత్తి చూడలేదు. నా బిడ్డని ఆ పేరే మింగింది మరి. స్వామి హిరణ్యకశిపుణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని పొట్ట చీల్చాడు. ఒడి అంటే లాలించేది మాత్రమే కాదని నాకు ధైర్యం చెప్పిన దేవుడాయన. రోజూ దీపం పెట్టి, "ఆవిడ అన్న మాట ఆవిడకే తగలాలి స్వామీ. నా కళ్ళముందే తగలాలి" అని వేడుకునేదాన్ని. అత్తగారికి వేళకి అన్నం పెట్టాను, కాళ్ళు పట్టాను, జ్వరం వస్తే కషాయం కాచి ఇచ్చాను. ఆవిడ పచ్చగా, ఆరోగ్యంగా ఉండాలి. ఆ మాట తగిలే రోజున ఒంట్లో తెలివి సరిగ్గా ఉండాలి.

పండక్కి పబ్బానికి పిల్లవాణ్ణి తీసుకొచ్చేవారు. వాడు నన్ను "అత్తయ్యా" అని పిలిచేవాడు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని, పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆడించమని మారాం చేసేవాడు. ఆడించేదాన్ని.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు రాజ్యం నెల తప్పింది. అంతా పిల్లవాడి అడుగు మహిమ అన్నారు. "వీణ్ణి మాత్రం వదులుకునేది లేదు. కాన్పు కాగానే హోమం చేయించేస్తాం" అని అత్తగారు నా ఎదుటే అంది. నెలలు నిండాక కూతురి దగ్గరికి వెళుతూ, వంటకీ పిల్లవాడికీ సాయం కావాలని నన్నూ రమ్మంది. బయల్దేరే ముందు కర్పూరం బిళ్ళ ఒకటి కొంగున ముడివేసుకున్నాను. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పలేకపోయేదాన్ని.

రాజ్యాన్ని అదే ఆసుపత్రిలో చేర్చారు. పెద్దవయసు కాన్పు. పొద్దున మొదలైన నొప్పులు మధ్యాహ్నానికి ఆమెను పిప్పి చేశాయి. "సూది వేయించండి, వదినకి వేశారుగా!" అని మంచం పట్టె గుద్దుతూ అరుస్తోంది.

"వద్దు! నా కూతురికి ఆ పాడు సూది వద్దంటే వద్దు" అంది అత్తగారు. "కన్నతల్లి నొప్పి ఎరగాలి. నేను కన్నప్పుడు ఏ సూది వేశారు?"

"నాకు వేయమన్నది మీరే కదా అత్తమ్మా?" అన్నాను.

"నీ సంగతి వేరు."

"ఎందుకని వేరు?"

ఆవిడ కూతురి నుదురు తుడవసాగింది.

నర్సు సంపూర్ణమ్మగారు దూదీ గిన్నే సర్దుతూ నవ్వింది. "భయపడకండి మామ్మగారూ. మేమిచ్చే మందే. కాకపోతే మందెక్కాక లోపలున్నదంతా బయటికి వచ్చేస్తుంది, తర్వాత వాళ్ళకే గుర్తుండదు. మొన్నొకావిడ రాత్రంతా మొగుణ్ణి ఒకటే తిట్లు. పొద్దున్నే ఆయనతోనే కాఫీ తెప్పించుకు తాగింది. మేం వింటాం, మరిచిపోతాం."

ఆ మాటకి అత్తగారి చెయ్యి కూతురి నుదుటి మీద ఆగిపోయింది. నేను ఆ చేతిని చూశాను. ఆరేళ్ళ కింద కర్పూరం వెలిగించుకున్న చెయ్యి. ఆవిడ భయం కూతురి ప్రాణానికి కాదు, కూతురి నోటికి.

సాంబమూర్తిగారు వరండాలో పచార్లు చేస్తున్నారు. డాక్టరుగారు ఆయన్నే అడిగింది. ఆయన తలుపు దగ్గరికి వచ్చి, "చెల్లెమ్మా, నువ్వు అనుభవించినదానివి. ఏమైనా ప్రమాదమా?" అన్నారు.

అత్తగారు నావైపు చూసింది. ఇన్నేళ్ళలో మొట్టమొదటిసారి ఆవిడ కళ్ళు నన్ను బతిమాలాయి. ఆ చూపుని కాసేపు అలాగే ఉండనిచ్చాను.

"ప్రమాదమేం లేదన్నయ్యగారూ. నొప్పి తెలియదు. వేయించండి" అన్నాను.

సూది వేశారు. "గాలి ఆడటం లేదు" అని వరండా వైపు కిటికీ రెక్కలు రెండూ బార్లా తీశాను. అవతల సాంబమూర్తిగారి తెల్లచొక్కా కనిపిస్తోంది. కొద్దిసేపటికి రాజ్యం అరుపులు మూలుగులయ్యాయి, మూలుగులు గొణుగుడయ్యాయి. మంచం తలవైపు నిలబడి ఆమె పెదాలు తడుపుతూ ఉన్నాను.

మొదట్లో అర్థం లేని మాటలు. కొట్టు తాళం, ఎసరు, పిల్లవాడి చొక్కా. ఆ తర్వాత ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"అమ్మా... చీర ఇచ్చెయ్యవే."

"పడుకో తల్లీ, పడుకో" అని అత్తగారు ఆమె నోటి మీద చెయ్యి వేయబోయింది. "ఊపిరాడాలి, చెయ్యి తీయండి మామ్మగారూ" అంది సంపూర్ణమ్మగారు.

"వదిన చీర అంది కదే" అంది రాజ్యం, నిద్రలో పిల్లలు మాట్లాడినట్టు స్పష్టంగా. "రాజ్యలక్ష్మీ, మగ్గం మీది చీర నీకే తల్లీ, తీసుకో, నన్ను గట్టెక్కించు అంది. అమ్మవారికే దండం పెట్టింది. చీర మాట ఎత్తొద్దన్నావు నువ్వు... ఆ చీర నేను కట్టుకున్నానే... అమ్మవారికి కోపం వచ్చింది... అందుకే బిడ్డ రావట్లేదు."

నా చేతిలోని తడిగుడ్డ మంచం మీద పడిపోయింది. చీర. ఆ ఒక్క మాట. సందు పడినచోట ఆరేళ్ళ తర్వాత పోగు వచ్చి అతుక్కుంది.

కిటికీ అవతల తెల్లచొక్కా కదల్లేదు. "అత్తగారూ, ఏమిటది? చీరేమిటి?" అన్నారు సాంబమూర్తిగారు.

"మత్తులో ఉన్న మనిషి మాటకి అర్థమేమిటి అల్లుడుగారూ! నోటికొచ్చిందల్లా వాగుతోంది. మత్తులో మాట మాటేనా?"

అంత సుఖం నా జన్మలో ఎరగను. దేవుడి ముందు నేను కోరుకున్నది పొల్లు పోకుండా, ఆవిడ నోటితోనే, నా కళ్ళముందే.

"మళ్ళీ అనండి అత్తమ్మా" అన్నాను.

"ఏమని?"

"మత్తులో మాట మాట కాదని. అన్నయ్యగారికి సరిగ్గా వినపడలేదేమో."

ఆవిడ కిటికీ రెక్క మూయబోయింది.

"మాట కాదంటారా, నా బిడ్డని నేనివ్వలేదు. మాటేనంటారా, నేనిచ్చింది చీర. రెండిట్లో మీకేది బాగుంటే అదే చెప్పండి. కర్పూరం నా కొంగుకే ఉంది, వెలిగించమంటారా?"

"నేను అబద్ధం ఆడలేదే" అంది ఆవిడ. "ఒక్క మాట వదిలేశాను. ఒక్క మాటే కదే. నా కూతుర్ని గొడ్రాలని నలుగురూ అంటుంటే చూడలేకపోయాను."

"నా ఒడి ఖాళీ అయితే చూడగలిగారు."

సంపూర్ణమ్మగారు మమ్మల్నిద్దర్నీ బయటికి నడిపించింది. "తర్వాత పోట్లాడుకోండమ్మా. ఇక్కడ బిడ్డ వస్తోంది."

దీపాలు పెట్టే వేళకి రాజ్యానికి ఆడపిల్ల పుట్టింది. ఎంత పగతో ఆ సూది వేయించానో దేవుడికి తెలుసు. ఆమె నొప్పి తగ్గింది కూడా ఆ సూదితోనే. పగతో చేసిన మేలు దేవుడు ఎవరి పద్దులో వేస్తాడో, పుణ్యమా, పాపమా, నాకు ఇప్పటికీ తెలియదు. పురాణం పెద్దాయనని మళ్ళీ అడగలేదు.

తెల్లవారి రాజ్యం కళ్ళు తెరిచేసరికి బిడ్డ నా ఒళ్ళో ఉంది. మూలన వాళ్ళమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. రాజ్యం బిడ్డని చూసింది, నన్ను చూసింది, తల్లిని చూసింది. ఆమె ముఖంలో రంగు పోయింది.

"వదినా... నేనేమైనా అన్నానా?"

నా నోట్లో ఒక మాట తయారుగా ఉంది. నీ కూతుర్ని నాకిచ్చావు రాజ్యం, దండం పెట్టి మరీ ఇచ్చావు. అంటే కాదనడానికి ఆమెకి ఏ ఆధారమూ లేదు, నాకు లేనట్టే. బిడ్డని భుజాన వేసుకుని లేచాను. గదిలో ఆ చివరిదాకా నడిచాను, మళ్ళీ వచ్చాను. కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగాను. అంతసేపూ ఆమె చూపు నా చేతుల్లోని బిడ్డ వెంటే తిరిగింది. ఊపిరి కూడా తీసుకున్నట్టు లేదు.

ఆరేళ్ళు కాదుగాని, ఆ కాస్త కాలమైనా ఆమె నా చోట నిలబడింది. చాలుననిపించింది. బిడ్డని ఆమె పక్కన పడుకోబెట్టాను.

"చీర అన్నావు" అన్నాను.

రాజ్యం గోడవైపు తిరిగిపోయింది. వీపు కదులుతుంటే ఏడుస్తోందని తెలిసింది. నేను ఓదార్చలేదు.

సాంబమూర్తిగారు న్యాయం ఎరిగిన మనిషి. పురిటిస్నానం అయ్యాక పిల్లవాడి బట్టలు పెట్టెలో సర్ది, వాణ్ణి తానే స్టేషనుకి తీసుకొచ్చి నాకు అప్పగించారు. "హోమం కాకపోవడమే మంచిదైంది చెల్లెమ్మా. సెలవులకి ఒకసారి పంపించు. రాజ్యం బెంగపెట్టుకుంటుంది" అన్నారు. పంపుతానని అనలేదు. మొదటి ఏడు పంపలేదు కూడా.

రైలు కృష్ణ మీదికి వచ్చాక పిల్లవాడు ఏడుపు ఆపి, "అత్తయ్యా, మళ్ళీ అమ్మ దగ్గరికి ఎప్పుడు?" అన్నాడు. వాణ్ణి దగ్గరికి తీసుకుని నీళ్ళు చూపించాను. వాడు నన్ను అమ్మా అనడానికి చాలా కాలం పట్టింది. తొందరపెట్టలేదు. వాడు రాజ్యాన్ని తలుచుకుని ఏడ్చిన రాత్రుల్లో మాత్రం, నేను తీర్చుకున్న పగలో కొంత వీడి మీద కూడా పడిందేమోనని భయం వేసేది.

ఇంటికి రాగానే మా ఆయనతో అన్నాను: "మగ్గం నాక్కావాలి."

ఆయన కాదనలేదు. తల్లి ప్రమాణం నమ్మినందుకు ఆయన నా ముఖం చూడలేక తిరుగుతున్న రోజులవి. నూలు దొరకడం కష్టంగా ఉన్నా ఎక్కడెక్కడో తిరిగి తెచ్చాడు. పసుపురంగు వేసిన నూలు, అంచుకి ఎరుపు, జరీ. పడుగు నేనే తోడాను, నేనే నేశాను. ఒక్క పని మాత్రం చెయ్యలేదు. నాడెలో పెట్టే కండెలన్నీ అత్తగారి చేతనే చుట్టించాను. ఆవిడ కళ్ళకి మసక, వేళ్ళు వంకర. పోగు తెగితే, "తెగింది అత్తమ్మా, మళ్ళీ చుట్టండి" అనేదాన్ని. ఆవిడ చుట్టేది. వదిలేసిన ఆ ఒక్క మాటని పోగు పోగుగా ఆవిడ వేళ్ళ మీంచే నడిపించాను.

చీర దించిన శుక్రవారం పళ్ళెంలో పెట్టి ఆవిడ చేతికే ఇచ్చాను.

"మోకాళ్ళు పట్టేశాయే. కొండెక్కలేను" అంది.

"మెల్లగా ఎక్కండి. ఇన్నాళ్ళు ఆగిన అమ్మవారు ఇంకో పూట ఆగదా?"

ఆవిడ మెట్టు మెట్టుకీ కూర్చుంటూ, లేస్తూ ఎక్కింది. పిల్లవాడు ముందుకి పరిగెత్తి, మళ్ళీ వెనక్కి వచ్చి, అడగకుండానే మామ్మ చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకోనిచ్చాను.

పానకాలస్వామికి దండం పెట్టుకుని, వెనకనున్న అమ్మవారి గుడికి వచ్చాం. అన్నేళ్ళ తర్వాత తలెత్తి ఆమె ముఖం చూశాను. నా బిడ్డని మింగింది ఆ పేరు కాదు.

పూజారిగారు పళ్ళెం అందుకోబోతూ, "ఎవరి మొక్కమ్మా?" అని అత్తగారినే అడిగారు.

ఆవిడ ఆయాసంతో నిలబడి నా వంక చూసింది. ఆవిడే చెప్పాలి.

"నా కోడలిదండీ" అంది చివరికి. "కాన్పునాడు మొక్కింది. చీర ఇస్తానని మొక్కింది."

"చీర" అని ఆవిడ నోటి నుంచి విన్నాక, నేను పళ్ళెం మీద చెయ్యి వేశాను. తెలివితో, పగటిపూట, గొంతెత్తి అన్నాను.

"రాజ్యలక్ష్మమ్మా, ఈ చీర నీకే తల్లీ, తీసుకో."

పూజారిగారు పసుపు చీరని మడత విప్పి అమ్మవారి భుజాల మీద కప్పారు.